తేదీ పిల్లది, సంవత్సరం తల్లిది

జూన్ 2

పొద్దున్నే పిల్ల తన ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఇందులో అమ్మ నంబర్ తీసేసి నీది పెట్టు నాన్నా. ఆ సిమ్ ఆపేస్తే నాకు ఓటీపీలు రావు" అని స్నానానికి వెళ్లింది.

డబ్బు చెల్లించే యాప్. పిల్ల పేరు మీద వాళ్లమ్మ తెరిచిన ఖాతా. నవంబరు నుంచి తను లేదు. ఆ నంబరుకు ఏడు నెలలుగా బిల్లు కడుతూనే ఉన్నాను.

నంబరు మార్చాను. అదే పేజీలో, కింద, పుట్టిన తేదీ ఉంది. తేదీ, నెల పిల్లవి. సంవత్సరం తనది. ఆ లెక్కన మా పదిహేనేళ్ల పిల్లకు నలభై మూడేళ్లు. పద్దెనిమిది నిండనివాళ్లకు సొంతంగా ఖాతా ఇవ్వరు కాబట్టి తన సంవత్సరం వేసేసి ఉంటుంది. కాగితాలు, సంతకాలు అంటే తనకు ఓపిక ఉండేది కాదు.

ఇరవై రెండేళ్లుగా ప్రెస్‌లో ప్రూఫులు దిద్దుతున్న చెయ్యి. దిద్దాను. పిల్ల జుట్టు తుడుచుకుంటూ బయటికి వచ్చేసరికి పని అయిపోయింది.

జూన్ 3

పదో తరగతికి సెలవుల్లోనే క్లాసులు. పిల్ల స్కూలుకు నడిచి వెళ్లింది. బస్సులో చెల్లింపు జరగలేదట. సాయంత్రం ఫోన్ చూపించింది.

"ఖాతాదారు మైనర్ అయినందున ఈ ఖాతా పరిమితం చేయబడింది. ముప్ఫై రోజులలోగా సంరక్షకుల ధ్రువీకరణ అందనిచో ఖాతా మూసివేయబడి, వివరములన్నియు తొలగించబడును."

మూడు వాక్యాలు కావలసింది రెండు చేశారు. 'బడు'లు ఎక్కువ.

"లోపల ఏమీ కనిపించట్లేదు నాన్నా. పాతవి కూడా."

"బస్సుకి రోజూ నేనిస్తాలే."

"బస్సుకి కాదు."

"ఖాతాలో ఎంతుంటే అంతా ఇచ్చేస్తాను. ఎంతుంది?"

నా మొహంలోకి అలాగే చూసింది. "ఎంతుందో నాకు తెలీదు. డబ్బు గురించి కాదు" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది.

డబ్బు గురించే అయ్యుంటుంది. ఆ వయసులో సొంత డబ్బు అంటే అంతే.

జూన్ 4

సంవత్సరం సంగతి చెప్పలేదు. పిల్ల అడగలేదు కూడా.

జూన్ 6

ప్రెస్ మెట్ల మీద కూర్చుని హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు పాట విన్నాక ఒక అమ్మాయి పలికింది. మర్యాదగానే మాట్లాడింది.

"ఈ ఖాతా తెరిచింది తల్లిగారి ఈమెయిల్ మీద సార్. సంరక్షకురాలిగా ఆవిడే ఒప్పుకోవాలి. మేడంని ఒకసారి లైన్లోకి ఇస్తారా?"

"ఆవిడ లేరు."

"ఎప్పుడొస్తారు సార్?"

మెట్ల కింద ఎవరో కాగితం కట్టలు దించుతున్నారు. ఒకటి జారి పడింది.

"సార్? పర్లేదండీ, మేడం వచ్చాక మాట్లాడతాం, మేమే ఫోన్ చేస్తాం. మధ్యాహ్నాలు వీలవుతుందా?"

"వీలవుతుంది" అన్నాను.

జూన్ 9

రాత్రి భోజనం దగ్గర పిల్ల అంది: "వయసు సంగతి దానికొక్కదానికే తెలుసు. అదే ఎవరికో చెప్పుంటుంది."

'అది' అంటే రెండు జడల పిల్ల. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ. మా ఇంట్లో దానికి వేరే గ్లాసు కూడా ఉంది.

"అదెందుకు చెప్తుంది?"

"మరి వాళ్లకి ఎలా తెలిసిపోయింది నాన్నా, గాల్లోంచి తెలిసిందా? అడిగితే నాకేం తెలీదని ఏడుస్తోంది. నేను సీటు మార్చుకున్నా."

నేను లేచి గిన్నెలు కడిగాను. కడిగినవే ఇంకోసారి కడిగాను.

జూన్ 11

హెల్ప్‌లైన్ నుంచి ఫోన్. ఈసారి ఒక అబ్బాయి.

"మేడం వచ్చారా సార్?"

"ఇంకా రాలేదు" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. అవతలివాడు అడిగిన తీరు అలా ఉంది. ఎవరైనా నిజంగా ఎదురుచూస్తున్నప్పుడు అడిగే తీరు.

జూన్ 12

తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం, నాలుగో పాఠం ప్రూఫు. ఒకే పేజీ గంటసేపు.

జూన్ 15

ఆదివారం. పిల్ల యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాను. వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది నాన్నా."

"వాళ్లే ఫోన్ చేస్తామన్నారు. అయినా అంత పట్టుదల ఏంటి? కొత్త ఖాతా తెరుచుకోవచ్చు."

"కొత్తదాంట్లో చీటీలుండవు."

"ఏం చీటీలు?"

చెప్పింది. నేను ఇస్త్రీపెట్టె నిలబెట్టి విన్నాను.

తనది రక్తపరీక్షల ల్యాబ్‌లో మొదటి షిఫ్టు. ఐదింటికే వెళ్లిపోయేది. పిల్ల లేచేసరికి తను ఉండేది కాదు. బస్సుకి, మధ్యాహ్నం తిండికి రోజూ ల్యాబ్ నుంచే పంపేది. అది నాకు తెలుసు. డబ్బుతో పాటు రెండు ముక్కలు రాసి పంపేదని తెలియదు. తల్లీకూతుళ్లు దాన్ని చీటీ అనుకునేవారట.

"ఏం రాసేది?"

"ఏవేవో. 'గొడుగు తీసుకెళ్లు, నీ మొహం చూసి వాన ఆగదు, జాగర్త.' 'లెక్కల పరీక్ష కదా, తప్పితే తప్పుతావు, జాగర్త.' 'నాన్న చొక్కాకి రెండో గుండీ లేదు, చెప్పు, వినడనుకో, జాగర్త.' అన్నిటికీ చివర జాగర్త."

"జాగ్రత్త" అన్నాను.

పిల్ల చూసిన చూపుకి తల దించుకున్నాను. తనకీ పదహారేళ్లు ఇదే మాట చెప్పాను. సరుకుల జాబితా మీద, ఫ్రిజ్ మీద, ఎక్కడ రాసినా జాగర్తే. "నేను పలికినట్టే రాస్తా. నీ ప్రెస్‌లో అచ్చేస్తున్నారా ఏంటి?" అనేది.

"రెండేళ్లవి ఉన్నాయి. స్కూలున్న ప్రతి రోజుదీ" అంది పిల్ల. కాసేపు తలుపు గడియ ముందుకూ వెనక్కూ జరిపింది. "ఒకటి తెరవలేదు."

"ఏది?"

"ఆ రోజు పొద్దున హాస్పిటల్ నుంచి పంపింది. పైకి డబ్బెంతో మాత్రమే కనిపిస్తుంది. నొక్కితేనే చీటీ వస్తుంది. నేను నొక్కలేదు."

"ఇన్నాళ్లూనా?"

"రోజూ పంపేదానికి సరిగ్గా రెట్టింపు పంపింది నాన్నా. రేపు పంపలేనని తెలిసే కదా రెండు రోజులవి ఒకేసారి పంపింది? అమ్మకి తెలుసు కదా?"

"తెలిసి ఉండదు."

"నీకెలా తెలుసు?"

"నాకూ తెలియదు."

మళ్లీ ఇస్త్రీపెట్టె అందుకుని ఒకేచోట ఆపేశాను, కాలరు మీద చిన్న గోధుమరంగు మచ్చ పడింది. ఇంకో చొక్కా తీశాను.

ఆ పొద్దున నేను మంచం పక్కనే ఉన్నాను. తను ఫోన్ తీసుకుని కష్టంగా ఏదో నొక్కుతుంటే, "ఇప్పుడు ఫోనెందుకు, పడుకోరాదూ" అని విసుక్కున్నాను. ఒక్క నిమిషం అంది. మధ్యాహ్నం రెండింటికి డాక్టరు నన్ను వరండాలోకి పిలిచాడు.

ఇది పిల్లకు చెప్పలేదు. సంవత్సరం సంగతీ చెప్పలేదు.

జూన్ 16

ప్రెస్‌లో కంప్యూటర్ మీద పేజీలు కట్టే ఆవిడ నా ప్రూఫులు పట్టుకుని వచ్చింది. పదేళ్లుగా పక్క టేబుల్. పిల్ల తల్లిని అక్కా అనేది.

"ఏంటి మాస్టారూ, ఒక్క పాఠంలో పన్నెండు తప్పులు వదిలేశారు? 'కాంతి కిరణం' బదులు 'కాంత కిరణం' అని పోతే పిల్లలు భౌతికశాస్త్రం కాదు, ఇంకేదో నేర్చుకుంటారు."

నవ్వు రాలేదు. ఎదురుగా కూర్చుంది. చెప్పాను. మొదట సంవత్సరం, తర్వాత ఫోన్లు.

"పెన్నుకి మూత పెట్టుకుని ఇంటికెళ్లండి మాస్టారూ అని ఎన్నిసార్లు మొత్తుకున్నాను? అక్క కూడా అదే అనేది పాపం. మరి పాపకి చెప్పారా?"

"సమయం కుదరలేదు."

"ముహూర్తం పెట్టించుకుంటారా? అక్కడ ఆ రెండు జడల పిల్ల మీద నింద పడుతుంటే!"

నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను.

"ఇంకోటి. లేరు అంటే ఆ హెల్ప్‌లైన్ పిల్లకేం తెలుస్తుందండీ? కూరలకెళ్లినా లేరే."

"మరేమనాలి?"

ఆవిడ ప్రూఫులు నా ముందుకు జరిపి వెళ్లిపోయింది.

జూన్ 17

చెప్పాను. పిల్ల షూ లేసులు కట్టుకుంటోంది. కూర్చోమని, టీ తాగమని, అలా మొదలుపెట్టి ఉండాల్సింది. నిలబడే చెప్పేశాను.

"ఆ సంవత్సరం మార్చింది నేను. నంబరు మారుస్తున్నప్పుడు. తప్పు కనిపించింది, దిద్దాను."

లేసు చేతిలోనే ఉంది.

"నువ్వా?"

"అలవాటులో జరిగిపోయింది."

"రెండు వారాల నుంచి నీకు తెలుసా?"

"తెలుసు."

"అది ఎనిమిది రోజుల నుంచి ఒక్కతే కూర్చుని తింటోంది నాన్నా." గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. "అమ్మ కావాలనే పెట్టింది ఆ సంవత్సరం. అది తప్పని ఎవరు చెప్పారు నీకు?"

ఒక లేసు కట్టుకుని, ఒకటి వదిలేసి వెళ్లిపోయింది.

జూన్ 18

పిల్ల కంచం తీసుకుని తన గదిలోకి వెళ్లి తింది.

జూన్ 19

రెండు జడల పిల్ల గేటు దాకా వచ్చింది. ఇద్దరూ చాలాసేపు అక్కడే నిలబడ్డారు. లోపలికి రమ్మన్నాను. "వద్దులే అంకుల్" అంది. నా వైపు చూడలేదు. దాని గ్లాసు కడిగి పెట్టాను, ఎందుకో.

జూన్ 20

ఫ్రిజ్ మీద పిల్ల చీటీ: "సాయంత్రం ఆలశ్యం అవుతుంది."

టీ తాగి, బట్టలు ఆరేసి వచ్చి చూస్తే 'శ్య' చుట్టూ ఎర్ర సున్నా, పక్కన 'స్య' ఉన్నాయి. ఎప్పుడు పెట్టానో గుర్తు లేదు. ఇంట్లో ఎర్ర పెన్ను పట్టేది ఇంకెవరూ లేరు కాబట్టి నేనే.

చించి పారేద్దామంటే పిల్ల చూసి వెళ్లిందో లేదో తెలియదు. అలాగే ఉంచాను. రాత్రికి చెత్తబుట్టలో కనిపించింది.

జూన్ 21

మళ్లీ ఆ మెట్లు. మళ్లీ ఆ పాట. పలికింది మొదటిసారి పలికిన అమ్మాయేనని గొంతు బట్టి గుర్తుపట్టాను.

"మేడం ఊరి నుంచి వచ్చేశారా సార్?"

"ఊరు వెళ్లలేదమ్మా. చనిపోయింది."

ఈ మాట ఇంతవరకు నోటితో అనలేదు. ఆ రోజు వరండాలో డాక్టరు అన్నాడు. బంధువులకు మా బావగారు ఫోన్లు చేశారు. ప్రెస్‌లో పేజీలు కట్టే ఆవిడ చెప్పింది. నా దాకా రాలేదు. వచ్చినా, లేదు అంటే సరిపోయేది.

అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది.

"సారీ సార్. ఇక్కడ రెండుసార్లు 'మేడం ఊళ్లో లేరు, వచ్చాక చేయాలి' అని రాసి ఉంది. మొదటిది రాసింది నేనే."

"నీ తప్పేం లేదు. నేనే అలా చెప్పాను."

"ఎప్పుడు సార్?"

"నవంబరులో."

"మా నాన్నగారు పోయినప్పుడు మా అమ్మ కూడా ఇలాగే సార్. గ్యాసు వాళ్లకి బయటికెళ్లారని చెప్పేది" అంది. వెంటనే, "రికార్డవుతుంది సార్ ఇది, నేను ఎక్కువ మాట్లాడకూడదు" అని గొంతు సవరించుకుని కావలసినవన్నీ గబగబా చెప్పింది. తల్లి మరణ ధ్రువపత్రం. పిల్ల జనన ధ్రువపత్రం. తండ్రి గుర్తింపు కార్డు. ఖాతా ఎవరు తెరిచారు, ఎందుకు తెరిచారు, ఇప్పుడు సంరక్షకులు ఎవరు అంటూ తండ్రి చేతిరాతతో ఒక ఉత్తరం.

"పాతవి కనిపిస్తాయా అమ్మా? ఉత్తరాల్లాంటివి ఉన్నాయి అందులో."

"పిల్లల ఖాతాగా మారిస్తే పాతవన్నీ ఉంటాయి సార్. మూడో తారీఖు దాటితే మాత్రం నా చేతుల్లో లేదు."

జూన్ 22

ఉత్తరం. ఆరు వాక్యాలు. పొద్దున్నుంచి నాలుగు కాగితాలు పోయాయి.

ఇతరుల వాక్యాల్లో నలుసంత తప్పు పట్టేవాణ్ణి. నా వాక్యంలో కర్త పక్కన క్రియ నిలవడం లేదు. 'నా భార్య' అని రాశాక పెన్ను ఆగిపోతోంది. 'స్వర్గస్థులయ్యారు' రాసి కొట్టేశాను. 'దివంగతులయ్యారు' రాసి కొట్టేశాను. 'మరణించింది' అని రాశాను. అది నిలబడింది.

ఐదో కాగితం టేబుల్ మీద పెట్టి మంచినీళ్లకు వెళ్లాను. వచ్చేసరికి పిల్ల నా కుర్చీలో కూర్చుని చదువుతోంది. ఐదు రోజుల తర్వాత ఒకే గదిలో ఉన్నాం.

"నాన్నా, ఇక్కడ తప్పుంది."

"ఎక్కడ?"

"'నా భార్య రక్తపరీక్షల ల్యాబ్‌లో మొదటి షిఫ్టులో పనిచేస్తుంది, అందువల్ల పిల్ల లేచేసరికి ఇంట్లో ఉండదు' అని రాశావు."

అవును. అలాగే ఉంది. నాలుగు కాగితాల్లోనూ అలాగే ఉంది. బుట్టలోంచి తీసి చూశాను.

పిల్ల నా ఎర్ర పెన్ను తీసుకుంది. మొదటి చోట 'చేసేది' అని దిద్దింది. రెండో చోట 'ఉండదు' దగ్గర ఆగింది. పెన్ను నాకిచ్చింది.

"ఇది నువ్వు దిద్దు."

'ఉండేది కాదు.'

ఆరో కాగితం ఇద్దరం కలిసి రాశాం. పిల్ల చదివింది, నేను రాశాను.

జూన్ 24

పంపాం. "పరిశీలనలో ఉన్నది."

జూన్ 27

పరిశీలనలో ఉన్నది.

పిల్ల పొద్దున లేవగానే ఫోన్ చూసి, తర్వాతే పళ్లు తోముకుంటోంది. నేనూ అంతే.

జూన్ 29

"మూసేస్తే?" అంది.

"మూసేస్తే నన్ను తిట్టు."

"తిడతా. ఇప్పుడే కొంచెం తిట్టనా?"

"తిట్టు."

తిట్టింది. చివర్లో ఇద్దరం రేడియో పెట్టుకున్నాం.

జూలై 1

పదకొండింటికి ప్రెస్‌లో ఉండగా నా ఫోన్‌కు కబురు వచ్చింది. ఖాతా పిల్లల ఖాతాగా మార్చబడింది. 'బడింది' అంటే ఈసారి కోపం రాలేదు. సంరక్షకుల గడిలో నా పేరు. పుట్టిన సంవత్సరం కూడా ఇప్పుడు పిల్లదే. తనది ఎక్కడా లేదు. అది కాసేపు చూస్తూ కూర్చున్నాను.

పేజీలు కట్టే ఆవిడ నా సంచీ తెచ్చి ఒళ్లో పడేసింది. "వెళ్లండి మాస్టారూ. కాంతి కిరణాల సంగతి నేను చూసుకుంటా."

స్కూలు వదిలేదాకా గేటు బయట నిలబడ్డాను. రెండు జడల పిల్లే ముందు చూసింది నన్ను. పిల్లను మోచేత్తో పొడిచింది. బస్‌స్టాప్ బెంచీ మీద ముగ్గురం కూర్చున్నాం. రెండు జడల పిల్ల, "నేను అటు చూస్తుంటా" అని పూర్తిగా అటు తిరిగి కూర్చుంది.

పిల్ల నొక్కింది. రెండు చేతులతో ఫోన్ పట్టుకుని చదివింది. మళ్లీ చదివింది. తర్వాత దాని నోట్లోంచి ఏడుపో నవ్వో తెలియని చప్పుడు ఒకటి వచ్చి, ఫోన్ నాకిచ్చింది.

"ఇవాళ నాన్నకి కూడా కలిపి పంపా. నిన్నట్నుంచి ఏం తినలా. కింద క్యాంటీన్‌కి తీసుకెళ్లు. వద్దంటాడు. వినకు. జాగర్త."

నాలుగైదుసార్లు చదివాను.

"ఇద్దరికి" అంది పిల్ల. "రెండు రోజులవి కాదు నాన్నా. ఇద్దరికి."

"అవును."

"అమ్మకి తెలీదు. సాయంత్రం నేనొచ్చాక మనం కింద తిని పైకి వస్తామనుకుంది."

"అవునమ్మా."

పిల్ల వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడు నెలల్లో నా ఎదుట ఏడవడం ఇదే మొదలు. రెండు జడల పిల్ల అటు తిరిగే చెయ్యి వెనక్కి చాపి దాని భుజం పట్టుకుంది. నేను సంచీ పట్టుకుని కూర్చున్నాను. ఒక బస్సు ఆగింది. మేం ఎక్కలేదు. వెళ్లిపోయింది.

ఏడుపు తగ్గాక పిల్ల ముక్కు తుడుచుకుని లేచింది. "పద. తినాలి."

"ఇప్పుడా? వద్దులే అమ్మా, ఇంటికెళ్లి..."

"వినొద్దని రాసుంది."

రోడ్డు దాటి మొదట కనిపించిన హోటల్లోకి వెళ్లాం. ఆ డబ్బుతోనే పిల్ల చెల్లించింది. ఇద్దరి డబ్బు ముగ్గురికి సరిపోలేదు. తక్కువైనది రెండు జడల పిల్ల వేసింది. నన్ను జేబులో చెయ్యి పెట్టనివ్వలేదు.

ఆకలిగా ఉందని తినడం మొదలుపెట్టాకే తెలిసింది.

జూలై 2

ఉదయం ప్రెస్‌కు తొందరగా వచ్చాను. పిల్ల ఇంకా లేవలేదు. నా టేబుల్ దగ్గర కూర్చుని పిల్ల ఖాతాకు బస్సు డబ్బు పంపాను. కింద ఖాళీ గడి ఉంది, ఏదైనా రాయమని. తనలా రాయడం నాకు చేతకాదు. చాలాసేపు ఆలోచించి రాశాను:

"బస్సుకి, మధ్యాహ్నానికి. గొడుగు తలుపు వెనక ఉంది. జాగ్రత్త."

పావుగంటకు జవాబు వచ్చింది.

"చివరి మాట తప్పు నాన్నా. జాగర్త."

దిద్దుకున్నాను.